ప్రజాపక్షమున వకీలేడీ?

న్యాయస్థానపు వాకిట బంట్రోతు ప్రతివాది పేరును ముమ్మారు పిలుచును. పలికినవాడు లోనికి పోవును. పలుకనివానిపై ఎక్స్‌పార్టీ డిక్రీ వ్రాయబడును. వాని పక్షమున న్యాయము లేక కాదు, సాక్ష్యము లేక కాదు. పిలిచిన వేళకు వాడు లేడు; వానికొరకు లేచి నిలుచు వకీలు లేడు. అంతియే. మేధోసంపత్తి అను పేర నేడు లోకమున నడచుచున్న మహావ్యాజ్యమున మన ప్రజల స్థితి సరిగా ఇట్టిదే. విత్తనమునకు యజమాని యెవడు, మందునకు యజమాని యెవడు, అడవిలోని ఆకు గుణమునకు యజమాని యెవడు అను విచారణ దినదినము జరుగుచునే యున్నది. ప్రజల పేరు పిలువబడుచునే యున్నది. పలుకువాడు లేడు.

కొలదికాలము క్రిందట ఖమ్మములోని ఒక పఠనమందిరమున ఆదివారపు గోష్ఠి ముగిసిన పిదప, దుమ్ముగూడెము తట్టునుండి వచ్చిన ఒక కోయ పెద్ద మమ్ము నిలిపి యడిగెను: “వకీలు సారూ, పట్నపోళ్లు వచ్చి మా వెజ్జు నడిగి చెట్ల మందులు రాసుకపోయిండ్రు. ఫోటోలు తీసుకపోయిండ్రు. రేపు అది వాళ్లదే అంటే మేమేం జెయ్యాలె?” ఇరువది యేండ్లుగా నల్లకోటు ధరించి తిరుగుచున్న మేము ఆ ప్రశ్నకు బదులు చెప్పలేకపోతిమి. అప్పుపత్రపు తగవయినచో చెప్పియుందుము. ఏజెన్సీ భూముల 1/70 చట్టమయినచో నిద్రలో లేపి యడిగినను చెప్పియుందుము. ఆకు తగవును మా కెవరును నేర్పలేదు. మేము న్యాయకళాశాలలో చదివిన కాలమున ఈ శాస్త్రము ఒక ఐచ్ఛికపత్రము. పరీక్షకు వ్రాసితిమి, మరునాడు మరచితిమి. సిగ్గుతో ఇల్లు చేరి పుస్తకములు తిరుగవేసిన పిదప తెలిసినదేమనగా, ఆ పెద్దకు చెప్పవలసిన సమాధానము చాలవరకు చట్టములోనే యున్నది. దానిని అడవివరకు మోసికొనిపోవు మనిషియే లేడు.

నేడు కాలము మారినది. మేధోసంపత్తి న్యాయము కళాశాలలకు అలంకారమైనది. 1998లో స్థాపితమై హైదరాబాదు చెంత షామీరుపేటలో వెలసిన నల్సారు విశ్వవిద్యాలయము పేటెంటు న్యాయమున ప్రత్యేకముగా ఒక డిప్లొమాను నడుపుచున్నది. ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయముల విద్యార్థులును ఈ శాస్త్రమును చదువుచున్నారు. చదువుటకు మేము విరోధులము కాము, హర్షించుచున్నాము. కాని యెవరి పక్షమున నిలుచుటకు ఈ చదువు? దరఖాస్తు వ్రాయుట యెట్లు, హక్కును కాపాడుకొనుట యెట్లు, ఉల్లంఘించినవానిపై నిషేధపు టుత్తరువు తెచ్చుట యెట్లు అని నేర్చిన యువకునకు కంపెనీ కార్యాలయమున కుర్చీ సిద్ధముగా నుండును. అదే చట్టములో ప్రజలకొరకు వ్రాయబడిన సెక్షనులు కలవు. వానిని నేర్చినవానికి కుర్చీ లేదు, వకాలతునామాపై వ్రేలిముద్ర వేసి రుసుము చెల్లించు కక్షిదారు లేడు. కావున ఆ సెక్షనులు పుస్తకములో నిద్రించుచున్నవి. ప్రజలు బయట నిద్రించుచున్నారు.

పేటెంటు అనునది తాతలనాటి ఆస్తి కాదని విద్యార్థికి మొదటిదినముననే చెప్పవలెను. అది యొక కౌలు. పొలము ప్రజలది, నూతన విషయమును కనిపెట్టినవాడు కౌలుదారు. తన రహస్యమును లోకమునకు వెల్లడించినందుకు ప్రతిఫలముగా వానికి 20 సంవత్సరముల అనుభవహక్కు. గడువు తీరగనే పొలము ప్రజలకు తిరిగి రావలెను. కౌలునామాలో రెండు పక్షములున్నవి గదా! ఒక పక్షమునకు వేలకొలది వకీళ్లను తయారుచేసి, రెండవ పక్షమునకు ఒక్కనినైనను ఈయని విద్యను సమగ్రవిద్య యని యెట్లందుము?

ఈ కౌలునామాను మన పెద్దలు కన్నులు మూసికొని వ్రాయలేదు. ఆంగ్లప్రభుత్వము 1911లో చేసిన పేటెంటు చట్టము మనకు వారసత్వముగా రాగా, స్వరాజ్యము వచ్చిన మరుసటి యేడే, 1948లో, బక్షీ టేక్‌చంద్ అధ్యక్షతన విచారణసంఘమును నియమించిరి. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగారు తన నివేదికను సమర్పించెను. దాని ఫలముగా 1970 చట్టము వచ్చెను. అన్నమునకును ఔషధమునకును వస్తువుపై పేటెంటు లేదు, తయారుచేయు విధానముపై మాత్రమే యుండునని ఆ చట్టము శాసించెను. హైదరాబాదు నేడు మందుల నగరమై దేశదేశములకు మాత్రలు పంపుచున్నదన్న, ఆ చట్టపు నీడ దానికొక ముఖ్యకారణము. తరువాత ప్రపంచవాణిజ్యసంస్థ నిబంధనలకు లోబడి 2005లో వస్తుపేటెంటును తిరిగి ఒప్పుకొనవలసి వచ్చెను. ఆ ఒప్పుకోలులో సైతము మన శాసనకర్తలు ప్రజలకొరకు కొన్ని ద్వారములు తెరచి యుంచిరి. ఆ ద్వారములను తట్టినప్పు డేమి జరిగెనో చూడుడు.

నొవార్టిస్ కంపెనీ గ్లివెక్ అను రక్తకేన్సరు మందుపై క్రొత్త పేటెంటు కోరెను. చెన్నై పేటెంటు కార్యాలయమున కేన్సరు రోగుల సహాయసంఘ మొకటి మందుల తయారీదారులతోపాటు అభ్యంతరము తెలిపెను. పాతమందునకు క్రొత్తరూపము తొడిగినంత మాత్రమున, గుణము పెరిగినదని నిరూపింపనిదే, పేటెంటు రాదన్నది సెక్షను 3(డి). 2006లో దరఖాస్తు కొట్టివేయబడెను. 2013 ఏప్రిలు 1న సుప్రీముకోర్టు దానినే స్థిరపరచెను. గడువు మీరిన కౌలుదారు పొలమునకు పేరు మార్చి మరల కౌలు కోరినట్టి ఆ యత్నము అంతటితో ముగిసెను. ఆ వ్యాజ్యమున షంనాద్ బషీర్ అను న్యాయశాస్త్రాచార్యుడు ఏ కంపెనీ పక్షమునను గాక, కేవలము విద్వాంసుడుగా సుప్రీముకోర్టు ఎదుట నిలిచి వాదము వినిపించెను. 2019లో ఆయన అకాలమరణము చెందెను. ఉపాధ్యాయుడు తరగతిగది దాటి ప్రజలకొరకు నిలుచుట సాధ్యమని చూపిపోయెను.

మన హైదరాబాదు నాట్కో కంపెనీ కథ యింకను విశేషమైనది. బేయర్ కంపెనీవారి నెక్సావర్ అను కేన్సరు మందునకు నెలకు 2,80,428 రూపాయలు కావలసి యుండెను. పేటెంటు పొందిన మందు ప్రజలకు అందుబాటు ధరలో దొరకనిచో ఇతరునకు తయారీ అనుమతి నీయవచ్చునన్నది సెక్షను 84. ఆ సెక్షను క్రింద 2012 మార్చిలో నాట్కోకు నిర్బంధ లైసెన్సు మంజూరయ్యెను. నెలకు మందు ధర 8,880 రూపాయలకు దిగెను. బేయరుకు అమ్మకములపై 6 శాతము రాయల్టీ నిర్ణయింపబడి, అప్పీలులో 7 శాతమయ్యెను. ఎవని సొమ్మును ఎవడును దోచుకొనలేదు. కౌలుదారునకు న్యాయమైన పాలు ముట్టెను, రోగికి ప్రాణము దక్కెను. ఆ సెక్షను క్రింద ఇంతవరకు దేశమున మంజూరైన లైసెన్సు ఇదియొక్కటియే యన్న మాటను మాత్రము పాఠకులు మరువరాదు.

ఇచ్చట ఒక చేదునిజము చెప్పక తప్పదు. నాట్కో ధర్మసత్రము కాదు, వ్యాపారసంస్థ. అచ్చట ప్రజాహితము వర్తకుని లాభముతో చేయి కలిపి నడచినది గనుక వకీళ్లు దొరకిరి. ప్రజాహితము వెంట ఏ వర్తకుని లాభమును రాని చోట ఏమి జరుగుచున్నది? అందుకు సాక్ష్యము కొరకు దూరము పోనక్కరలేదు. మన జిల్లా చాలును.

2002లో బీటీ పత్తి మన దేశమున ప్రవేశించెను. 2005 నాటికి 450 గ్రాముల విత్తనపు సంచి ధర 1,600 రూపాయలు దాటెను. అందులో 1,250 రూపాయలు మహికో-మోన్‌శాంటో కంపెనీ ‘లక్షణపు విలువ’ యను పేర తీసికొనుచుండెను. విచిత్రమేమనగా, బోల్‌గార్డు అను ఆ మొదటిరకపు పత్తిపై భారతదేశమున ఆ కంపెనీకి పేటెంటే లేదు! లేని హక్కునకు మన నల్లరేగడి రైతు శిస్తు కట్టెను. పరప్రభుత్వము ఉప్పుపై పన్ను వేసినప్పుడు దేశము సముద్రతీరమునకు నడచెను. విత్తుపై పడిన ఈ పన్నును ఏ శాసనసభ వేసెనని అడుగువాడు మూడు నాలుగు పంటలవరకు లేకపోయెను. చివరకు 2006 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుత్తవ్యాపార నియంత్రణ కమిషను నాశ్రయించెను. మే నెలలో కమిషను మధ్యంతరపు టుత్తరువు నిచ్చెను. సంచి ధర 750 రూపాయలకు దిగెను. వకీలు లేచినంతనే సగము భారము తగ్గినది. అంతకుముందే లేచియున్న యెడల ఎన్ని ఇండ్లలో అప్పు తగ్గియుండెడిదో ఎవరికివారు లెక్కించుకొనవచ్చును.

భద్రాచలపు కథ ఇంతకంటె బాధాకరము. 2009 జూలైలో పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్యపరిశోధనా మండలితోను రాష్ట్రప్రభుత్వముతోను కలసి, నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 సంవత్సరముల వయస్సు గల సుమారు 14 వేలమంది బాలికలకు గర్భాశయముఖ కేన్సరు టీకాను వేయించెను. టీకా మెర్క్ కంపెనీవారి గార్డసిల్. కొందరు బాలికల మరణవార్తలు వెలువడగా 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిపివేయబడెను. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకాయు చెడ్డది కాదు, నేడు మన దేశముననే తయారగుచున్నది. మేము చెప్పునది అనుమతినిగూర్చి. రాష్ట్రమున పరిశీలింపబడిన 9,543 అంగీకారపత్రములలో 1,948 వ్రేలిముద్రలతోను, 2,763 హాస్టలు వార్డెనుల సంతకములతోను ఉన్నట్లు బయటపడెను. తల్లి దండ్రులు గూడెములలో నుండగా వార్డెను చేవ్రాలుతో బిడ్డ చేయి చాపబడెను. టీకా తయారీదారుల వ్యాపారప్రయోజనమే దీని వెనుక నున్నదని పార్లమెంటు స్థాయీసంఘము 2013 ఆగస్టులో తీవ్రముగా ఆక్షేపించెను. వస్తువుపై హక్కు సముద్రముల కావల నున్నవారిది. ఆ వస్తువునకు మార్గము వేయుటకు పనికివచ్చిన శరీరములు మన ఆశ్రమపాఠశాలల బిడ్డలవి. ఆ పత్రములు పంచబడుచున్న దినమున ఒక్క న్యాయవిద్యార్థి యైనను ఆ హాస్టలు గడపపై నిలిచి, “ఇందేమి వ్రాసియున్నదో కోయభాషలో చదివి చెప్పుడు” అని యడిగియుండిన, చరిత్ర వేరుగా నుండెడిది.

ఇక కోయ పెద్ద ప్రశ్నకు వత్తము. పసుపుతో గాయము మాన్పుటకు 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమువారికి పేటెంటు దొరకెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలి 32 గ్రంథసాక్ష్యములతో ఎదిరించి 1997లో దానిని రద్దు చేయించెను. వేపనూనెతో శిలీంధ్రములను నివారించు విధానముపై అమెరికా వ్యవసాయశాఖకును గ్రేస్ కంపెనీకిని ఐరోపాలో 1994లో లభించిన పేటెంటు, సుమారు పదేండ్ల పోరాటము పిమ్మట 2005లో శాశ్వతముగా రద్దయ్యెను. విజయములే. కాని యీ విజయముల మూలము గమనింపుడు. పసుపునకు పుస్తకమున్నది, వేపకు పుస్తకమున్నది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథములనుండి యెత్తి వ్రాసిన జ్ఞానభాండారమును కేంద్రప్రభుత్వము నిర్మించి విదేశీ పేటెంటు కార్యాలయముల ముందుంచినది. దుమ్ముగూడెపు వెజ్జు నాలుకపై నున్న మందునకు ఏ పుస్తకమున్నది? న్యాయస్థానము కాగితము నడుగును. అడవికి కాగితము లేదు. సాంప్రదాయజ్ఞానమునకు పేటెంటు రాదని సెక్షను 3(పి) ఎంత గట్టిగా చెప్పినను, అది సాంప్రదాయమే యని నిరూపించు పత్రము లేనినాడు ఆ సెక్షను ఉత్తమాటయే.

ఫలములో పాలు మాత్రము దక్కుచున్నదా? 2002 జీవవైవిధ్య చట్టము పాలు పంచవలెనన్నది. పూర్వపు మహబూబ్‌నగరు జిల్లా అమరచింతనుండి 2,000 కిలోల వేపాకు జపానుకు పోయెను. రాయల్టీగా వచ్చినది సుమారు 55 వేల రూపాయలు. గ్రామపు జీవవైవిధ్య సంఘమునకు చేరినది 20 వేలు. స్వల్పమైనను ఒక మంచి ఆరంభమే. కాని యట్టివి వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మన దేశపు కంపెనీలును పాలు ఈయవలసినదేనని 2018లో ఉత్తరాఖండు హైకోర్టు దివ్య ఫార్మసీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 2023లో పార్లమెంటు చట్టమును సవరించి, గ్రంథస్థమైన సాంప్రదాయజ్ఞానమును వాడుకొనువారిని ఆ బాధ్యతనుండి తప్పించెను. అట్లే, పేటెంటు మంజూరు కాకమునుపు ఎవరైనను రుసుము లేకయే అభ్యంతరము తెలుపవచ్చునన్న ద్వారమునకు 2024 నియమములు రుసుమును, ప్రవేశపరీక్షను చేర్చినవి. ఈ సవరణలు వచ్చిననాడు మన పట్టణములలో ఎన్ని సభలు జరిగెను? ఎన్ని బార్ అసోసియేషనులు తీర్మానములు చేసెను? ద్వారములు ఒక్కొక్కటిగా ఓరవాకిలి యగుచున్నవి. మనము వరండాలో పత్రికలు తిరుగవేయుచున్నాము.

“పేటెంటు లేనిచో క్రొత్త మందులు ఎవరు కనిపెట్టుదురు?” అని కొందరు విజ్ఞులు అడుగుదురు. పేటెంటును రద్దు చేయుమని మే మనలేదు. కౌలునామాను రెండు వైపులనుండి చదువుమన్నాము. “విద్యార్థికి ఉద్యోగము ముఖ్యము గాని ఉద్యమము కాదు” అని మరికొందరందురు. వైద్యకళాశాలలో ధర్మాసుపత్రి యున్నది. వైద్యవిద్యార్థి బీదల నాడి పట్టియే వైద్యము నేర్చుచున్నాడు. ప్రతి న్యాయకళాశాలయందును న్యాయసహాయకేంద్ర ముండవలెనని బార్ కౌన్సిలు 2008 నియమములును విధించుచున్నవి. మేము క్రొత్తగా కోరునది లేదు. ఆ కేంద్రమును బల్లపై పేరుగా గాక, అడవి యంచున పనిగా చూపుడని కోరుచున్నాము. ఇది స్వప్నము కాదు. వాషింగ్టనులో అమెరికన్ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల ఈ ప్రజాహితమునకే ఒక ప్రత్యేకశాఖను నెలకొల్పెను. 2011 ఆగస్టులో 32 దేశములనుండి 180 మందికి పైగా విద్వాంసులు అచ్చట సమావేశమై, మేధోసంపత్తి చట్టములయందు ప్రజాహితమునకు స్థానముండవలెనని ప్రకటించిరి. ఆ మహాసభ 2015 డిసెంబరులో మన ఢిల్లీ జాతీయ న్యాయవిశ్వవిద్యాలయముననే జరిగెను. ఢిల్లీవరకు వచ్చిన మాట గోదావరి దాటరాదా?

కావున నల్సారు, ఉస్మానియా, కాకతీయ పెద్దలకు మా విన్నపము లివి. మేధోసంపత్తిని చదువు ప్రతి విద్యార్థియు ఒక వేసవిని ఏజెన్సీలో గడుపవలెను. గ్రామ జీవవైవిధ్య పట్టికలు 2020 గడువునకు భయపడి త్వరత్వరగా నింపినవిగా నుండరాదు. వెజ్జు నోట విని, గ్రామసభ అనుమతితో, ఏది బహిరంగమో ఏది గోప్యమో వారే నిర్ణయింపగా, తెలుగునను కోయభాషయందును వ్రాయబడవలెను. వ్రాసినది దొంగకు దారిచూపు దీపము కారాదు గనుక ఈ జాగ్రత్త ముఖ్యము. చెన్నై పేటెంటు కార్యాలయపు ప్రకటనలను నెలనెల చదివి, మన ఆకుపై, మన గింజపై దరఖాస్తు కనబడినంతనే అభ్యంతరము దాఖలు చేయు ఒక చిన్నబృందము ప్రతి కళాశాలలో నుండవలెను. సెక్షను 39 ప్రకారము రైతు తాను పండించిన విత్తనమును దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, ఇచ్చి పుచ్చుకొనవచ్చును, బ్రాండుపేరు పెట్టకుండ అమ్మవచ్చును అని 2001 చట్టము చెప్పుచున్నది. 2019లో గుజరాతు బంగాళాదుంప రైతులపై కోటి రూపాయలకు మించి పరిహారము కోరిన పెప్సికో, ఈ సెక్షనును చూపి దేశము గర్జింపగా దావాలను వెనుకకు తీసికొనెను. ఇట్టి సెక్షనులను ఒక్కపుట తెలుగులో అచ్చొత్తించి ప్రతి పఠనమందిరపు గోడకు అంటింపవలెను. ఆ గోడ పని మాత్రము కళాశాలలది కాదు. పాఠకులారా, అది మీది, మాది.

భద్రాచలరామదాసు చెరలో మగ్గుచుండ రామలక్ష్మణులు మారువేషములతో పోయి తానాషాకు పైకము చెల్లించి రసీదు తెచ్చిరని మన తాతలు చెప్పిరి. ఆ కథలో మనకు భక్తియే కనబడినది గాని రసీదు కనబడలేదు. ప్రభువంతటివాడును కాగితము వ్రాయించుకొని గాని కదలలేదు! ఈనాటి కొలువులకు దేవుళ్లు దిగిరారు. కాగితము మనమే వ్రాయవలెను, రసీదు మనమే తేవలెను. బంట్రోతు మరల పిలుచుచున్నాడు. రెండు పిలుపులు అయిపోయినవి. మూడవ పిలుపునకైనను “హాజరు” అని పలుకు యువకుడు మన న్యాయకళాశాలలనుండి లేచునా?